హోసూరు రోడ్డులో వినిపించిన పాట ఎవరి పద్దులో పడింది?

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మేం నలుగురం మారతహళ్ళిలో ఉంటాం. పగలు సాఫ్ట్‌వేర్, రాత్రి బ్యాండు. తెలుగులో సొంత పాటలు కట్టుకుంటాం. రాసేది అనంతపురంలో ఉన్న మా స్నేహితుడు. ఫిబ్రవరిలో ఒక డిస్ట్రిబ్యూటర్ ద్వారా అయిదు పాటలు స్పాటిఫై, జియోసావన్, యూట్యూబ్ మ్యూజిక్ అన్నిట్లో పెట్టాం. పెన్‌డ్రైవులు వంద చేయించి, రెండు షోల దగ్గర 86 అమ్మాం. ఏప్రిల్‌లో ఒక రాత్రి మా ఫ్రెండు హోసూరు రోడ్డులో ట్రాఫిక్‌లో ఇరుక్కుని ఉంటే, కారు ఎఫ్ఎంలో మా 'మళ్ళీ మారతహళ్ళి' పాట వచ్చిందట! ఆ ఆర్జేకి పాట వాట్సాప్‌లో పంపింది మేమే. ఆ తర్వాత మళ్ళీ వేశారో లేదో తెలీదు. స్టేట్‌మెంట్‌లో రేడియో అనే మాటే లేదు. యాప్‌లో 41 వేల ప్లేలు కనిపిస్తుంటే, స్టేట్‌మెంట్‌లో 29 వేలే ఉన్నాయి. డల్లాస్‌లో ఒక తెలుగు నెట్ రేడియోవాళ్ళు కూడా మా పాట వేశామన్నారు. ఇప్పుడొకాయన 15 వేలిస్తే రేడియో రిపోర్టు, లక్ష స్ట్రీములు, ఛార్టులో చోటు అన్నీ ఇప్పిస్తానంటున్నాడు. అసలు ఇదంతా ఎవరు లెక్కపెడతారు? మాకెలా తెలుస్తుంది? డబ్బు సంగతి అటుంచితే, లెక్క తెలియకపోవడమే టెన్షన్‌గా ఉంది. — వై., బెంగళూరు

సమాధానం:

బాబూ, ఆ టెన్షన్ నాకు ముప్పై ఏళ్ళ కిందటే పరిచయం. 1994లో ఇక్కడ మద్రాసు వడపళనిలో ఒక అయ్యప్ప పాటల క్యాసెట్‌కి కీబోర్డు వాయించాను. రెండు పాటలకి వరసలు కూడా నేనే కట్టాను. కంపెనీ యజమాని మూడు వేలు చేతిలో పెట్టి, సీజను అయ్యాక కనిపించమన్నాడు. సంక్రాంతి వెళ్ళాక వెళ్తే, "ఎక్కడండీ, రెండు వేలు కూడా కదల్లేదు" అని పెదవి విరిచాడు. ఆ రెండు నెలల్లో నేను తిరుత్తణి బస్టాండులో ఆ క్యాసెట్ విన్నాను, కాళహస్తి గుడి వీధిలో విన్నాను, గూడూరు స్టేషన్ ఎదురుగా టీకొట్టులో విన్నాను. అయితే విన్నానని ఎవరికి చెప్పుకోను? లెక్క ఆయన నోట్లో ఉంది. నా దగ్గర ఉన్నవి రెండు చెవులే.

మా కాలంలో లెక్క కంపెనీవాడి దగ్గర ఉండి మాకు చెప్పేవాడు కాదు. మీ కాలంలో లెక్క కంప్యూటర్ల దగ్గర ఉంది. అది దాచదు కానీ, మీ పాట మీదేనని దానికి ఎవరో ఒకరు చెప్పి ఉండాలి. మీ ఉత్తరంలోని చిక్కులు చాలావరకు అక్కడే ఉన్నాయి.

అమెరికాలో కూడా 1991 దాకా మాలాంటి కథే. బిల్‌బోర్డ్ పత్రికవాళ్ళు దుకాణాలకి ఫోన్ చేసి "ఈ వారం ఏం పోతున్నాయి?" అని అడిగి పట్టిక వేసేవాళ్ళు. కౌంటర్లో ఉన్నవాడికి ఏది గుర్తుంటే అది, ఏది ఇష్టమైతే అది. ఆ ఏడాది మార్చిలో సౌండ్‌స్కాన్ వచ్చింది. బిల్లు కొట్టేటప్పుడు బార్‌కోడ్ మీద పడే ఎర్ర గీతే ఓటు. మే 25 నాటి ఆల్బమ్ పట్టికని మొదటిసారి ఆ లెక్కతో వేస్తే, అంతవరకు కింద ఎక్కడో ఉన్న కంట్రీ, ర్యాప్ పాటలవాళ్ళు ఒక్కసారిగా పైకొచ్చి కూర్చున్నారు. వాళ్ళ రికార్డులు అంతకుముందూ అమ్ముడవుతూనే ఉన్నాయి. చెప్పేవాళ్ళే లేరు. ఆ సౌండ్‌స్కాన్ చేతులు మారి, పేర్లు మారి, 2022 నుంచి ల్యుమినేట్ అనే పేరుతో ఉంది. మన క్యాసెట్ల కాలంలో అలాంటిదేదీ లేదు కాబట్టి ఆ అయ్యప్ప క్యాసెట్ నిజంగా ఎంత పోయిందో ఆ స్వామికే తెలియాలి.

సరే, మీ పాట దగ్గరికి వద్దాం. ముందు ఒక్క విషయం అర్థం చేసుకోండి, మిగతాదంతా తేలికవుతుంది. పాటలో రెండు ఆస్తులుంటాయి. సాహిత్యం, వరస కలిపితే అది స్థలం. మీరు స్టూడియోలో పాడి, వాయించి రికార్డు చేసింది దాని మీద కట్టిన ఇల్లు. రేపు వేరే బ్యాండు మీ పాట పాడితే అదే స్థలంలో ఇంకో ఇల్లు లేచినట్టు. స్థలం మీదీ, మీ అనంతపురం స్నేహితుడిదీ. మీ ఇల్లు మీ నలుగురిదీ. రేడియోలో ఒక్కసారి మోగితే రెంటికీ వేరువేరు పద్దుల్లో లెక్క రావాలి. వసూలు చేసేవాళ్ళూ వేరు.

ఇంటికి నంబరుంటుంది, దాన్ని ఐఎస్ఆర్‌సీ అంటారు. పన్నెండు అక్షరాలు, అంకెలు. మొదటి అయిదూ ఇచ్చినవారి గుర్తు, తర్వాత రెండంకెల సంవత్సరం, చివర అయిదంకెల వరస సంఖ్య. మన దేశంలో ఈ కోడ్లిచ్చే అధికారం ఇండియన్ మ్యూజిక్ ఇండస్ట్రీ అనే సంస్థది. అయితే మీరు అక్కడికి పరుగెత్తక్కర్లేదు. పాటలు ఎక్కించినప్పుడే మీ డిస్ట్రిబ్యూటర్ ఒక్కో పాటకి ఒక్కో కోడ్ ఇచ్చి ఉంటాడు. డాష్‌బోర్డులో పాట వివరాల్లోకి వెళ్తే కనిపిస్తుంది. అయిదింటినీ ఇవాళే ఒక కాగితం మీద రాసి పెట్టుకోండి. మన కోడ్ 'ఐఎన్' అని కాకుండా వేరే అక్షరాలతో మొదలైందేమని కొందరు బెంబేలెత్తుతారు. డిస్ట్రిబ్యూటర్ అమెరికావాడైతే వాడి కోడే ఉంటుంది. నష్టమేమీ లేదు.

ఈ కోడ్ విషయంలో కుర్రాళ్ళు చేసే తప్పు ఒకటుంది. డిస్ట్రిబ్యూటర్ నచ్చక ఇంకోచోటికి మారతారు. అక్కడ "కోడ్ ఉందా?" అనే గడిని ఖాళీగా వదిలేస్తారు. వాడు కొత్తది ఇచ్చేస్తాడు. అంతే, అప్పటిదాకా వచ్చిన ప్లేలన్నీ పాత కోడ్ కింద ఉండిపోయి పాట మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది. ఇల్లు మారకుండా డోర్ నంబరు మార్చుకున్నట్టు. రికార్డింగు అదే అయితే కోడ్ అదే ఉండాలి. రీమిక్స్ చేసినా, షోలో పాడింది విడుదల చేసినా, నిడివి కోసి వేరే వెర్షన్ పెట్టినా కొత్త కోడ్ తీసుకోవాలి.

ఇప్పుడు హోసూరు రోడ్డు. మీరు ఆర్జేకి పాట వాట్సాప్‌లో పంపామన్నారే, అక్కడ నా గుండె కాస్త కలుక్కుమంది. ఆడియోగా పంపితే అవతలి ఫోన్‌లో అది ఏ పేరుతో దిగుతుందో చూశారా? ఒక తేదీ, దాని పక్కన డబ్ల్యూఏ, మూడు సున్నాలు, ఏడు. మీ పేరు లేదు, పాట పేరు లేదు. స్టేషన్ కంప్యూటర్‌లో ఏ నిమిషానికి ఏ ఫైలు మోగిందో లాగ్ తప్పకుండా ఉంటుంది. ఆ రాత్రి మీ పాట పడిన మాట నిజం. లాగ్‌లో మాత్రం 'డబ్ల్యూఏ సున్నా సున్నా సున్నా ఏడు' అని పడి ఉండొచ్చు. జేమ్స్ బాండ్‌కి రాయల్టీ పంపరు కదా!

ఇప్పటికీ మించిపోలేదు. ఆర్జేకి కాదు, ఆ స్టేషన్లో పాటల లైబ్రరీ చూసే మ్యూజిక్ మేనేజర్‌కి మెయిల్ పెట్టండి. మంచి నాణ్యత ఉన్న ఫైలు పంపండి. ఫైలు పేరులో పాట, బ్యాండు ఉండాలి. లోపలి ట్యాగుల్లో రాసినవారు, స్వరపరచినవారు, పాడినవారు, ఐఎస్ఆర్‌సీ అన్నీ నింపండి. మెయిల్లో కూడా అవే వివరాలు మామూలు అక్షరాల్లో రాయండి. బొమ్మలో రాస్తే వాళ్ళు కాపీ చేసుకోలేరు. చివర "ఏప్రిల్ ఫలానా రాత్రి మా పాట వేశారు, చాలా సంతోషం. ఆ రోజు లాగ్‌లో మా వివరాలు సరిచేయగలరా?" అని మర్యాదగా అడగండి. పోట్లాట ధోరణి వద్దు. చిన్న బ్యాండు పాటని రాత్రిపూట ధైర్యంగా వేసిన మనిషి అక్కడ ఉన్నాడని మర్చిపోకండి.

అడిగే హక్కు మీకు ఉందా అంటే, ఉంది. 2012లో సవరించిన కాపీరైట్ చట్టంలో 31డి అనే సెక్షన్ ఉంది. దాని కింద ముందుగా నోటీసిచ్చి, నిర్ణయించిన రేటు కట్టి, అప్పటికే విడుదలైన పాటల్ని ప్రసారం చేసుకోవచ్చు. అలా వేసే స్టేషన్ రికార్డులు ఉంచాలి, హక్కుదారులకి లెక్క పంపాలి, అడిగితే చూపించాలి. అదే సెక్షన్లో ఇంకో మాట కూడా ఉంది, చాలామందికి తెలీదు: రచయితల పేర్లు, ముఖ్య కళాకారుల పేర్లు ప్రసారంతో పాటు చెప్పాలి. చదివినప్పుడు నాకు మా ఇంట్లోని పాత మర్ఫీ రేడియో గుర్తొచ్చింది. వివిధభారతి అనౌన్సరు పాటకి ముందు చిత్రం పేరు, రచన, సంగీతం, గానం ఎవరెవరో చెప్పి గానీ ముల్లు వదిలేది కాదు. చిన్నప్పుడు "ఇంతసేపు ఈ సోదెందుకు, పాటెయ్యొచ్చుగా" అని విసుక్కునేవాణ్ణి. ఆమె చెప్పిందే ఇవాళ మీరు మెటాడేటా అంటున్నది. 2001 జులై 3న మీ బెంగళూరులోనే దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్ఎం రేడియో సిటీ మొదలైంది. ఆ తరవాత వచ్చిన ఎఫ్ఎంల జోరులో కబుర్లు పెరిగి, రచయిత పేరు చెప్పే అలవాటు పోయింది.

లాగ్‌ల మీదే ఆధారపడకుండా, రేడియోని చెవి పెట్టి వినే యంత్రాలు కూడా ఉన్నాయి. పాట వినిపిస్తే దాని పేరు చెప్పే షాజామ్ మీకు తెలుసు. 2002లో ఇంగ్లండులో మొదలైనప్పుడు అది యాప్ కూడా కాదు, 2580 అనే నంబరుకి ఫోన్ చేసి ఫోన్‌ని పాట దగ్గర పట్టుకోవాలి. పద్ధతి ఇప్పటికీ దాదాపు అదే. పాటలో ఏ క్షణాన ఏ స్థాయిలో ధ్వని ఉవ్వెత్తున లేచిందో ఆ చుక్కల్ని మాత్రం గుర్తు పెట్టుకుంటుంది. ఆకాశంలో లక్ష నక్షత్రాలున్నా, ఏడు చుక్కలు చూసి సప్తర్షి మండలం అని మనం చెప్పమూ? అలాగే. మధ్యలో ఆర్జే మాట్లాడినా, పాట సగంలో తెగినా గుర్తు పడుతుంది. బార్సిలోనాలోని బీమ్యాట్ లాంటి సంస్థలు ఇదే పద్ధతిలో వేల స్టేషన్లని రాత్రింబగళ్ళు వింటుంటాయి. పెద్ద లేబుళ్ళు, హక్కుల సంఘాలు వాళ్ళ ఖాతాదార్లు. మనబోటివాళ్ళు నెలకింతని కట్టి చూసుకునేందుకు వార్మ్ లాంటి సేవలున్నాయి. మీ పాటని మీరే ఎక్కిస్తే, ఎక్కడ, ఏ రోజు, ఎన్ని గంటలకి మోగిందో చెబుతుంది.

అయితే రెండు షరతులు. సప్తర్షుల్ని ముందే చూసి ఉన్నవాడే గుర్తు పడతాడు. మీ పాట వాళ్ళ దగ్గర లేకపోతే వెయ్యిసార్లు మోగినా దానికది ఏదో చప్పుడే. ఎక్కించిన రోజు నుంచే లెక్క, ఏప్రిల్ వెనక్కి రాదు. రెండోది, మీరు ఆ స్టేషన్ స్టూడియోకి వెళ్ళి గిటారు పట్టుకుని పాడితే అది మీ రికార్డింగు కాదు, చుక్కలు కలవవు. డబ్బు కట్టే ముందు వాళ్ళు వినే స్టేషన్ల జాబితాలో మీ బెంగళూరు స్టేషన్లు ఉన్నాయో లేవో చూడండి. లేకపోతే ఆ డబ్బుతో గిటారు తీగలు కొనుక్కోండి. ఉంటే, పాట స్టేషన్లకి పంపాక మూడు నెలలు మాత్రం కట్టి ఆపేయండి. ఏడాది పొడుగునా కట్టేంత అవసరం మీకు ప్రస్తుతం లేదనుకుంటాను.

ఇక్కడే ఇంకో గందరగోళం తీర్చేస్తాను. బెంగళూరులో రేడియో శ్రోతల్ని కొలిచే ర్యామ్ అనే సర్వే 2007లో మొదలైంది. అది ఏ స్టేషన్ని ఎందరు వింటున్నారో ప్రకటనలిచ్చేవాళ్ళకి చెప్పడానికి. ఏ పాట ఎన్నిసార్లు పడిందో దానికి పట్టదు. ఎవరైనా ర్యామ్ రేటింగులు చూపించి మీ పాట గురించి మాట్లాడితే నమ్మకండి.

సరే, మోగింది, లాగ్‌లో సరిగ్గా పడింది. డబ్బు, లెక్క ఎవరికి వెళ్తాయి? స్థలం తాలూకుది, అంటే సాహిత్యం, వరసలది, ఐపీఆర్ఎస్ అనే సంఘానికి వెళ్తుంది. 1969లో పుట్టింది, ముంబయి కేంద్రం. రచయితలు, స్వరకర్తలు, పబ్లిషర్లు సభ్యులు. మీ డిస్ట్రిబ్యూటర్ స్టేట్‌మెంట్‌లో రేడియో ఎందుకు లేదని అడిగారు కదా, ఇందుకే. డిస్ట్రిబ్యూటర్ పని స్ట్రీమింగ్ కంపెనీల దగ్గర ఇంటి అద్దె వసూలు చేయడం. రేడియో సొమ్ము మామూలుగా ఆయన గుమ్మం తొక్కదు. వరసలు కట్టినవాళ్ళూ, మీ అనంతపురం కవీ ఎవరికి వాళ్ళు ఐపీఆర్ఎస్‌లో చేరి, ఒక్కో పాటనీ ఎవరికెంత వాటా అన్న వివరంతో నమోదు చేయించాలి. అప్పుడు మనిషికో ఐపీఐ నంబరు వస్తుంది, పాటకి 'టి' అక్షరంతో మొదలయ్యే ఐఎస్‌డబ్ల్యూసీ కోడ్ వస్తుంది. అది స్థలం సర్వే నంబరు అనుకోండి. విదేశీ సంఘాలతో ఒప్పందాలున్నాయి కాబట్టి లండన్లో మోగినా ఈ దారినే రావాలి.

నమోదులో తెలుగువాళ్ళం పడే తిప్పలు వేరు. పాట పేరు ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలి. 'మళ్ళీ మారతహళ్ళి' తీసుకోండి. ఒకడు 'ఎల్' రెండు రాస్తాడు, ఒకడు ఒకటే. ఒకడు చివర 'ఐ', ఇంకొకడు రెండు 'ఈ'లు. కంప్యూటరు దృష్టిలో అవి నాలుగు పాటలు, అందులో ఒకటి మల్లెపూల మీద. యూట్యూబ్‌లో ఒక స్పెల్లింగు, డిస్ట్రిబ్యూటర్ దగ్గర ఇంకొకటి, ఐపీఆర్ఎస్‌లో మూడోది ఉంటే జోడీ కుదరని పద్దుల్లో పడి ఉంటుంది మీ పాట. మనుషుల పేర్లకీ అంతే. నా సంగతే చూడండి. మద్రాసు అలవాటు ప్రకారం ఒకచోట ఇనీషియల్ ముందు పెట్టాను, ఇంకోచోట ఇంటిపేరు పూర్తిగా రాశాను, మూడోచోట ఎవరో న్యూమరాలజీ చెబితే ఒక 'ఏ' ఎక్కువ తగిలించాను. ముగ్గురు మనుషులుగా బతికాను చాలా ఏళ్ళు! ముగ్గురిలో ఎవరికీ పైసా రాలేదు. ఆ 'ఏ' తీసేయించి, మూడింటినీ ఒకటి చేయించుకోవడానికి నాకు ఏడాది పైనే పట్టింది. తప్పు నాదే, ఎవర్నీ అనను. మీరు మాత్రం ఇవాళే ఒక స్పెల్లింగు తేల్చుకుని, నచ్చినా నచ్చకపోయినా చచ్చేదాకా అదే రాయండి.

వాటాల గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు, అది నాకు నచ్చలేదు. నలుగురు స్నేహితులు, అయిదో స్నేహితుడు ఊళ్ళో. ఎవరు ఏం రాశారో, ఎవరి వరస ఎంతో ఇప్పుడు అందరికీ గుర్తే. ఒక పాట హిట్టయ్యాక గుర్తుండదు. ఈ ఆదివారం టిఫిను దగ్గర కూర్చుని అయిదు పాటలకీ అయిదు కాగితాలు రాసి, అందరూ సంతకాలు పెట్టండి. అనంతపురం ఆయన్ని వీడియో కాల్‌లో పిలవండి. డ్రమ్స్ వాయించినందుకు వరసలో వాటా రాదు, రికార్డింగులో వస్తుంది. ఈ తేడా దగ్గర ముందే కాసేపు పోట్లాడుకోవడం మంచిది. రేపు ఏదైనా లేబుల్ "అన్ని హక్కులూ మాకే" అని కాగితం చాపితే కంగారు పడకండి. 2012 సవరణ తర్వాత రచయిత, స్వరకర్త తమ రాయల్టీ వాటాని రాసిచ్చేయడం కుదరదు. దాని కోసం పార్లమెంటులో జావేద్ అఖ్తర్ గట్టిగా మాట్లాడారు. ఆ సవరణ 1994కి ముందే వచ్చి ఉంటే నా ఇంటికి ఇంకో గది ఉండేది.

ఇల్లు, అంటే రికార్డింగు వైపు సంగతి కొంచెం చిక్కు. రికార్డింగుల తరఫున వసూలు చేసే సంస్థల్లో 1941 నుంచి ఉన్న పీపీఎల్ ఒకటి, 2021లో కాపీరైట్ సొసైటీగా నమోదైన ఆర్ఎంపీఎల్ ఒకటి. పాడినవాళ్ళకీ వాయించినవాళ్ళకీ హక్కులు చూసే ఇసామ్రా ఇంకొకటి, 2013లో గాయకుల కాపీరైట్ సొసైటీగా నమోదైంది. అన్నిట్లో ఇప్పుడే దూరొద్దు. ముందు డిస్ట్రిబ్యూటర్ ఒప్పందం తీసి, ప్రసార హక్కుల వసూలు కూడా వాళ్ళకే ఇచ్చేశారా లేదా చదవండి. ఇచ్చేస్తే మళ్ళీ మీరు వేరేచోట చేరడం రెండుసార్లు అమ్మినట్టవుతుంది.

41 వేలకీ 29 వేలకీ తేడా గురించి నిద్ర పాడుచేసుకోకండి. యాప్‌లోది నిన్నటిదాకా లెక్క. స్టేట్‌మెంట్ రెండు మూడు నెలలు వెనక నడుస్తుంది. రెండింటినీ ఒకే నెలకి కట్ చేసి పోల్చండి, చాలావరకు దగ్గర పడతాయి. మిగిలిన తేడాకి ఇంకొన్ని కారణాలు. స్పాటిఫైలో 30 సెకన్లు వింటేనే ఒక స్ట్రీము. 2024 నుంచి ముందు పన్నెండు నెలల్లో వెయ్యి స్ట్రీములు దాటని పాటకి అక్కడ డబ్బు లెక్కే కట్టరు. మీ అయిదు పాటల్లో కనీసం రెండు ఆ గీతకి కింద ఉంటాయని నా అనుమానం. షార్ట్స్‌లో, రీల్స్‌లో మీ పాట ముక్క వాడినది వేరే పద్దు.

15 వేల పెద్దమనిషి గురించి ఇప్పుడు. లక్ష స్ట్రీములు ఇప్పిస్తానన్నవాడు మనుషుల చేత వినిపించడు, ఫోన్ల చేత వినిపిస్తాడు. 2024 నుంచి అలాంటి దొంగ స్ట్రీములు ఎక్కువగా కనిపించిన పాటకి ఇంతని స్పాటిఫై డిస్ట్రిబ్యూటర్ మీద జరిమానా వేస్తోంది. డిస్ట్రిబ్యూటర్ దాన్ని మీ ఖాతాలో కోసుకుంటాడు, లేదా పాటనే పీకేస్తాడు. పీకితే మీ నిజమైన 41 వేలు కూడా పోతాయి. ఇక ఛార్టు. బిల్‌బోర్డ్ 2022 ఫిబ్రవరిలో ఇండియా సాంగ్స్ అనే పట్టిక మొదలుపెట్టింది. దానికి లెక్కలు ముఖ్యంగా స్ట్రీమింగ్ కంపెనీల నుంచి వెళ్తాయి. కోడ్ ఉన్న మీ పాట ఇప్పటికే ఆ తూకంలో ఉంది. పైకి రాకపోవడానికి కారణం మధ్యవర్తి లేకపోవడం కాదు. ఆయన రేడియో రిపోర్టు చూపిస్తానంటే, ఏ సంస్థ విన్నది, ఏ స్టేషన్, ఏ తేదీ, ఏ నిమిషం అని నాలుగు ప్రశ్నలు వేయండి. ఎక్సెల్ షీటు పంపితే, మీరు సాఫ్ట్‌వేర్‌వాళ్ళు, అలాంటిది ఎంతసేపట్లో తయారవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు.

డల్లాస్ రేడియో విషయంలో మాత్రం మీకు అదృష్టం తగలొచ్చు. అమెరికాలో మామూలు ఎఫ్ఎంలో పాట మోగితే రాసిన, వరస కట్టిన వాళ్ళకే గానీ పాడినవాళ్ళకి పైసా రాదు. నెట్ రేడియో, ఉపగ్రహ రేడియో అయితే రికార్డింగుకీ కట్టాలి. దాన్ని సౌండ్‌ఎక్స్ఛేంజ్ వసూలు చేస్తుంది. రికార్డింగు హక్కుదారుకి 50 శాతం, ముఖ్య కళాకారులకి 45, పక్కవాద్యాలవాళ్ళ నిధికి 5. అసలు రికార్డింగు మీదే కాబట్టి మొదటి రెండూ మీవే. చేరడానికి ఫీజు లేదు, హక్కుదారుగా ఒకసారి, కళాకారులుగా ఒకసారి నమోదు చేసుకోవాలి. డల్లాస్ వాళ్ళు పాటల జాబితా పంపుతున్నారా అన్నదే ప్రశ్న. అడిగి చూడండి. మన ఊరివాళ్ళ రేడియో కదా, మొహమాటం ఉంటుంది. అయినా అడగండి.

రేడియో మీద మోజు ఉంటే, పెద్ద ఎఫ్ఎంల వెంట పడే ముందు మీ ఊళ్ళోని 90.4 రేడియో యాక్టివ్ లాంటి కమ్యూనిటీ రేడియోకి వెళ్ళండి. ఇక్కడ అన్నా యూనివర్సిటీలో 2004 ఫిబ్రవరి 1న మొదలైన అన్నా ఎఫ్ఎం దేశంలో మొదటి క్యాంపస్ కమ్యూనిటీ రేడియో. ఇలాంటిచోట్ల మనిషిని కలవొచ్చు. పాట ఎప్పుడు వేశారంటే తేదీ రాసి ఇస్తారు. ఆకాశవాణిలో లలిత సంగీతానికి ఆడిషన్ ఇచ్చి గ్రేడు తెచ్చుకునే దారి కూడా ఉంది. మీ గిటార్లు చూసి మొహం చిట్లించొచ్చు. కానీ అక్కడ పాడితే కాంట్రాక్టు కాగితం మీద తేదీ, సమయం, పారితోషికం టైపు చేసి ఇస్తారు. నా జీవితంలో సరిగ్గా లెక్క తేలిన పాటలు అవే.

చివరికి పెన్‌డ్రైవులు. షోలో చేతికిచ్చి అమ్మినవాటిని ఏ యంత్రమూ చూడదు, ఏ పట్టికలోనూ రావు. వాటికి మీరే సౌండ్‌స్కాన్. వచ్చేసారి ఒక్కోదాని మీద చేత్తో నంబరు వేయండి, నూటిలో 1, నూటిలో 2 అని. అమ్మకానికి విడిగా ఒక యూపీఐ క్యూఆర్ పెట్టుకోండి, ఇంటద్దె పంపుకునే ఖాతా కాకుండా. అప్పుడు బ్యాంకు స్టేట్‌మెంటే అమ్మకాల పుస్తకం అవుతుంది. నగదు ఇచ్చినవాళ్ళ నంబరు మాత్రం డైరీలో రాసుకుంటే చాలు. బ్యాండ్లు తమ పాటల్ని నేరుగా అమ్ముకునే బ్యాండ్‌క్యాంప్ సైట్‌లో కూడా పెట్టండి. డౌన్‌లోడ్ కోడ్లు అచ్చువేసిన చిన్న కార్డులు అమ్మితే ఎందరు నిజంగా దించుకున్నారో తెలుస్తుంది. కాకపోతే అక్కడి చెల్లింపులు పేపాల్ మీద నడుస్తాయి. 2021 ఏప్రిల్ నుంచి పేపాల్‌లో ఇండియాలో ఉన్నవాళ్ళు ఇండియాలో ఉన్నవాళ్ళకి డబ్బు పంపే వీల్లేదు. కాబట్టి దాన్ని డల్లాస్ వాళ్ళ కోసం అనుకోండి, మారతహళ్ళి వాళ్ళకి క్యూఆరే.

అన్నట్టు, వంద చేయించి 86 అమ్మామన్నారు. మిగిలిన పద్నాలుగు ఎక్కడున్నాయో ఉత్తరంలో రాయలేదు. ఒకటి నాకు పంపండి, పదమూడుకి మీ డ్రమ్మర్ని లెక్క అడగండి.